తెలిసీ పంపినవాడు

దేవుడు అడ్డంకులు తొలగిస్తాడని నమ్మడం ఒక నమ్మకం. అడ్డంకి రాబోతోందని ఆయనకు ముందే తెలుసునని, తెలిసి కూడా పంపాడని నమ్మడం వేరే నమ్మకం. మొదటిదాని చుట్టూ తెలుగునాట మొక్కులు, ముడుపులు, ఉపవాస ప్రార్థనలు, సాక్ష్యాలు కొల్లలుగా ఉన్నాయి. రెండోది అంత ప్రచారానికి నోచుకోలేదు. అయినా ఎదురుదెబ్బ ఖాయమని తెలిసిన పనికి బయల్దేరవలసిన మనిషికి చివరిదాకా తోడుండేది అదే.

ఈ నమ్మకానికి మూలపాఠం వంటిది నిర్గమకాండం మూడో అధ్యాయంలో ఉంది. హోరేబు కొండ దగ్గర మామ మందను మేపుకుంటున్న మోషేకు, మండుతున్నా కాలిపోని పొదలోంచి పిలుపు వస్తుంది. ఐగుప్తులో వెట్టిచాకిరీ చేస్తున్న జనాన్ని విడిపించుకు రమ్మని దేవుడు అతన్ని పంపుతాడు. పంపుతూ పంపుతూనే, రాజు వాళ్లను వెళ్లనివ్వడన్న సంగతి తనకు తెలుసునని చెప్పేస్తాడు. పని సులువని ఆశపెట్టిన దాఖలా అక్కడ లేదు. దీనివల్ల ఒక మేలు జరిగింది. ఫరో కాదన్న రోజున ఆ మాట పంపినవాడికి కొత్త కబురేమీ కాదు. మోషే దారి తప్పాడనడానికి గానీ, పిలుపు వట్టి భ్రమ అనడానికి గానీ అది సాక్ష్యంగా నిలవదు. వెళ్లిన పని కాలేదంటే వెళ్లడమే పొరపాటనుకోవడం మనుషులకు అలవాటు. ఆ అలవాటుకు ఈ కథ మొదట్లోనే గండి కొట్టింది.

అయితే ముందే చెప్పినంత మాత్రాన దెబ్బ తగ్గదు. ఐదో అధ్యాయంలో మోషే, అహరోను వెళ్లి మాట్లాడిన రోజే ఫరో పనివాళ్లకు గడ్డి ఇవ్వడం ఆపించాడు. ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదన్నాడు. గడ్డి వాళ్లే ఏరుకోవాలి, ఇటుకలు పాత లెక్క ప్రకారమే అప్పగించాలి. లెక్క తగ్గినప్పుడు, తోటి ఇశ్రాయేలీయుల మీద నాయకులుగా పెట్టినవాళ్లకే దెబ్బలు పడ్డాయి. టీమ్‌లో సగం మందిని తీసేసి, డెలివరీ తేదీ మాత్రం కదపకూడదన్న మెయిల్ అందుకున్న టీమ్ లీడ్‌కు ఈ అధ్యాయం మీద వ్యాఖ్యానం అక్కర్లేదు. మోషే తిరిగి దేవుడి దగ్గరికి వెళ్లి, తననెందుకు పంపావని నిలదీస్తాడు. రాజు ఒప్పుకోడని చెవులారా విన్న మనిషే ఆ ప్రశ్న అడిగాడు. విన్నది మరిచిపోయాడని అతన్ని తప్పుపట్టడం తేలిక. ముందుగా తెలిసి ఉండటం వేరు, తన మాట వల్ల తనవాళ్ల వీపులు చిట్లడం కళ్లారా చూడటం వేరు. ఆ ప్రశ్నకు దేవుడు కోప్పడలేదు. వాళ్ల మూలుగు విన్నానని బదులిచ్చి, మళ్లీ పంపాడు. ప్రశ్నించకపోవడమే విశ్వాసమని బోధించేవాళ్లు ఈ అధ్యాయాన్ని దాటేసి పోతుంటారు.

హైదరాబాద్ పడమటి అంచున ఉన్న ఐటీ కారిడార్‌లో ఈ మాటలకు ప్రత్యేకమైన అక్కర ఉంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పటి నుంచి, ఈ రాళ్ల గుట్టల నేల లక్షల మందికి ఆశల చిరునామా అయింది. ఆశ ఎంత పెద్దదో, కాదనిపించుకునే సందర్భాలూ అన్ని. పైగా ఇక్కడి తిరస్కారం చాలాచోట్ల ముందే రాసి ఉంటుంది. రేటింగులను శాతాల ప్రకారం పంచే కంపెనీలో, టీమంతా ప్రాణం పెట్టి పనిచేసినా ఎవరో ఒకరు కింది గడిలో పడక తప్పదు. అమెరికా హెచ్-1బి వీసాలు ఏటా 65,000, అక్కడే మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. దరఖాస్తులు అంతకు మించితే లాటరీ తీస్తారు. పేరు రానివాళ్లు ఉంటారని లాటరీ తీయకముందే అందరికీ తెలుసు. ఇంకా స్పష్టమైన ఉదాహరణ అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్. చదువుకని, చుట్టపుచూపుకని వీసా అడిగే ప్రతి మనిషినీ, తాను అలాంటివాడిని కానని రుజువు చేసుకునేదాకా, అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నవాడిగానే చూడాలని ఆ సెక్షన్ చెబుతుంది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో తెరిచిన అమెరికన్ కాన్సులేట్ కిటికీ ముందు నిలబడే కుర్రాడి మీద, వాడు నోరు తెరవకముందే చట్టం అనుమానం పెట్టుకుని ఉంటుంది. ఆ అనుమానం ఫలానా కుర్రాడి మీద పగ కాదని, కట్టడిలోనే ఉన్న ప్రతిఘటన అని ఎవరైనా చెప్పి పంపితే, వాడు తిరిగొచ్చే రోజు కొంచెం వేరేగా ఉంటుంది.

కారిడార్ చుట్టూ దేవుడికి కొదవ లేదు. ఖాజాగూడ గుట్టల్లో అనంతపద్మనాభస్వామి గుడి, ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉన్నాయి. హఫీజ్‌పేటలో కల్వరి టెంపుల్ ఉంది. గండిపేట చెరువు ఒడ్డున చిలుకూరు బాలాజీ ఉన్నాడు. వీసా బాలాజీ అన్న పేరు ఆయనకు జనం పెట్టుకున్నది. హుండీ లేని ఆ గుడిలో కోరిక చెప్పుకునేవాళ్లు 11 ప్రదక్షిణలు చేస్తారు, తీరినవాళ్లు వచ్చి 108 చేస్తారు. తెల్లవారుజామునే ఐడీ కార్డు మెడలో వేసుకుని, చేతిలో అంకెల కాగితం మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ తిరిగే యువకుల భక్తిని తేలిగ్గా తీసిపారేసేవాళ్లకు, వాళ్ల వెనక ఎంత ఇంటి అప్పు, ఎంతమంది తల్లిదండ్రుల నిరీక్షణ ఉందో తెలియదు. ఆ 11కూ ఈ 108కీ మధ్య మరో గుంపు ఉంటుంది. అడిగారు, కాలేదు, మళ్లీ వచ్చారు. వాళ్ల ప్రదక్షిణలకు ఆచారంలో వేరే సంఖ్య ఏదీ లేదు. దేవుడికి ముందే తెలుసునన్న నమ్మకం గురించి రాయవలసింది ముఖ్యంగా వాళ్ల కోసమే.

తెలుగువాళ్లకు ఈ విషయం బోధించిన కథ నిర్గమకాండం కంటే ముందే ఇంట్లో ఉంది. అది కృష్ణ రాయబారం. మహాభారతంలోని ఉద్యోగపర్వం నిండా పరుచుకున్న కథ. 13వ శతాబ్దంలో తిక్కన దాన్ని తెలుగు చేశాడు. తర్వాత తిరుపతి వేంకట కవులు పాండవోద్యోగ విజయాలుగా నాటకీకరించి ఊరూరా చేర్చారు. పీసపాటి నరసింహమూర్తి వంటి నటులు కృష్ణ పాత్రలో పద్యం ఎత్తుకుంటే ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని అరిచి మళ్లీ పాడించుకునేవారు. రాయబారం విఫలమవుతుందని ఆ ప్రేక్షకుల్లో ఎరగనివాళ్లు ఒక్కరూ ఉండరు. అయినా సంధి మాటలు మళ్లీ వినాలని అడిగేవారు. ఓడిపోబోయే ప్రయత్నాన్ని అంత ప్రేమగా చూసుకున్న జాతి తెలుగు జాతి.

ఆ కథలో అందరికంటే బాగా తెలిసినవాడు వెళ్తున్నవాడే. దుర్యోధనుడు ఒప్పుకోడని కృష్ణుడు బయల్దేరకముందే ధర్మరాజుతో అంటాడు. సాత్యకి, సహదేవుడు యుద్ధమే కావాలంటారు. భీముడేమో, అందరూ ఆశ్చర్యపోయేలా, సంధి కుదిర్చి రమ్మంటాడు. ద్రౌపది తన జుట్టు చేత్తో పట్టుకుని చూపించి, సంధి మాట వచ్చినప్పుడల్లా ఇది గుర్తుంచుకోమంటుంది. ఇక అర్జునుడితో కృష్ణుడు చెప్పిన మాట ఈ రచనకు ప్రాణం వంటిది. పొలం ఎంత బాగా దున్ని చదును చేసినా వాన పడనిదే పంట రాదని, మనిషి ప్రయత్నంతో సాధ్యమైనదంతా తాను చేస్తానని, దైవం చేయవలసింది మాత్రం తన చేతిలో లేదని ఆయన అంటాడు. సాక్షాత్తు భగవంతుడిగా కొలిచే వ్యక్తి నోట వచ్చిన ఈ మాట తేలిగ్గా మింగుడుపడదు. అయితే అందులో ఒక మర్యాద ఉంది. రాయబారిగా వెళ్తున్నంతసేపు ఆయన రాయబారి పనే చేస్తాడు. తనకు తెలిసిన ముగింపును సాకుగా చేసుకుని మాటలు పొదుపు చేయడు.

కార్తిక మాసంలో రేవతీ నక్షత్రాన బయల్దేరి హస్తినకు చేరాక జరిగినదంతా చూస్తే ఆ శ్రద్ధ కనిపిస్తుంది. దుర్యోధనుడి విందు కాదని విదురుడి ఇంట తింటాడు. ఆ రాత్రి విదురుడు, ఈ మూర్ఖుల సభకు అసలు ఎందుకు వచ్చావని బాధపడతాడు. కృష్ణుడి జవాబులో రెండు సంగతులున్నాయి. శక్తికొద్దీ ధర్మం కోసం ప్రయత్నించి సాధించలేకపోయినవాడికి కూడా ఆ పుణ్యం దక్కుతుందని ఒకటి. ఆపగలిగి ఉండి కృష్ణుడు ఆపలేదని రేపు లోకం అనకూడదని రెండోది. మర్నాడు సభలో ధృతరాష్ట్రుడి మనసుకు తగిలేలా మాట్లాడతాడు. పరశురాముడు, కణ్వుడు, నారదుడు తమ తమ కథలతో నచ్చజెబుతారు. గాంధారిని కూడా సభకు పిలిపిస్తారు. ధర్మరాజు అప్పటికే కోరికను అర్ధరాజ్యం నుంచి ఐదూళ్లకు తగ్గించుకుని ఉన్నాడు. దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు, ఆపైన రాయబారినే కట్టిపడేయాలని చూస్తాడు.

ఈ సభలోనే, అంతగా ఎవరూ పట్టించుకోని ఒక చిన్న ఘట్టం ఉంది. కణ్వ మహర్షి హితం చెప్పి ముగించగానే దుర్యోధనుడు తొడ చరుచుకుని నవ్వుతాడు. దేవుడు తనను ఎలా సృష్టించాడో అలాగే నడుచుకుంటున్నానని, జరగబోయేది ఎలాగూ జరుగుతుందని, ఈ వాగుడంతా ఎందుకని అంటాడు. అంతా దేవుడికి తెలుసునన్న నమ్మకం ఆ సభలో ఇద్దరికీ ఉంది. ఒకరు దాన్ని పట్టుకుని మాట్లాడటానికి వచ్చారు. మరొకరు అదే నమ్మకాన్ని అడ్డుపెట్టుకుని మారనన్నారు. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని తెలుగువాళ్లు అనే మాటకు కూడా ఈ రెండు వాడుకలూ ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో బిడ్డ కోసం రాత్రంతా నిలబడి అదే మాట అనుకునే తల్లి ఉంది. తీసుకున్న అప్పు తీర్చకుండా అదే మాట అనేవాడూ ఉన్నాడు. దైవజ్ఞానం మీద నమ్మకం మంచిదా చెడ్డదా అన్న చర్చకు ఎక్కడా ముగింపు లేదు. అది మనిషిని కదిలిస్తోందా, కదలకుండా కూర్చోబెడుతోందా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరుకుతుంది.

మోషేకు ముందే చెప్పారు, కృష్ణుడికి ముందే తెలుసు. ఏమీ చెప్పకుండా వదిలేసిన మనిషి సంగతేమిటి? ఆ ప్రశ్నకు జవాబు కారిడార్‌కు కూతవేటు దూరంలో గోల్కొండ కోటలో ఉంది. మాదాపూర్ అద్దాల మేడల మధ్య ఇవాళ తీగల వంతెనతో మెరిసే దుర్గం చెరువు, కుతుబ్‌షాహీల కాలంలో ఆ కోటకు మంచినీళ్లు పంపిన చెరువు. ఆ నీళ్లు తాగే కోటలో ఒక రెవెన్యూ అధికారి ఏళ్ల తరబడి ఖైదీగా ఉన్నాడు. ఆయన పేరు కంచెర్ల గోపన్న, నేలకొండపల్లి మనిషి. అబుల్ హసన్ తానీషా పాలనలో అక్కన్న, మాదన్న మంత్రులుగా చక్రం తిప్పుతున్న రోజుల్లో, ఆ మేనమామల అండతో పాల్వంచ తహసీల్దారయ్యాడు. వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. నవాబు ఊరుకోడని ఆ ఉద్యోగంలో ఉన్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పన్నెండేళ్లు చెరసాలలో గడిపాడని, చివరికి రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీ పేర్లతో అర్ధరాత్రి వచ్చి ఆరు లక్షల వరహాలు చెల్లించి విడిపించారని సంప్రదాయం చెబుతుంది.

కథలో వరహాల మూటను చూసి ఆనందించేవాళ్లు ఆ పన్నెండేళ్లను తొందరగా దాటేస్తారు. రామదాసుగా పేరుపడ్డ గోపన్న కీర్తనలు మాత్రం అక్కడే ఆగుతాయి. ‘ఇక్ష్వాకు కుల తిలక’ అన్న కీర్తనలో ఆయన రాముడికి, సీతమ్మకు, తమ్ముళ్లకు చేయించిన నగల ఖర్చు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి దేవుణ్ణే దబాయిస్తాడు. ఆ పద్దు చదివే గొంతు రెవెన్యూ కచేరీలో అలవాటైన గొంతు. పలకమని బతిమాలడం, పలకకపోతే దెప్పిపొడవడం, దెప్పినందుకు క్షమించమనడం, ఇవన్నీ ఆ కీర్తనల్లో కలగలిసిపోయాయి. ఆయనకు హోరేబులో లాంటి ముందస్తు మాట ఏదీ అందలేదు. రాముడికి తెలుసు అన్న ఒక్క పట్టు ఉంది. తెలిసి కూడా ఎందుకు ఆలస్యం చేస్తున్నావన్న కోపం ఆ పట్టులోంచే వచ్చింది. తెలియని దేవుడి మీద ఎవరికీ కోపం రాదు. మూడు వందల ఏళ్లకు పైగా తెలుగువాళ్లు పాడుకుంటున్న ఈ ఫిర్యాదును మించిన విశ్వాస ప్రకటన మరొకటి ఉందని చెప్పడం కష్టం.

ఇక్కడ తాత్త్వికుల పాత చిక్కు ఒకటి వస్తుంది. దేవుడికి ముందే తెలిస్తే ఫరో కాదనక తప్పదు కదా, అలాంటప్పుడు ఫరో తప్పేముంది, మోషే శ్రమకు అర్థమేముంది? రోమన్ పండితుడు బోథియస్ క్రీ.శ. 524 ప్రాంతంలో చెరసాలలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ దీనికి జవాబు వెతికాడు. ఆయన కూడా గోపన్నలాగే ఒక రాజు కొలువులో పెద్ద అధికారి. దేవుడు కాలంలో ముందు కూర్చుని తర్వాతది ఊహించడు, కాలమంతటినీ ఒక్క వర్తమానంగా చూస్తాడని, చూడటం జరిపించడం కాదని ఆయన తేల్చాడు. తర్వాతి శతాబ్దాల్లో థామస్ అక్వినాస్ దీనికి ఒక ఉపమానం చెప్పాడు. దారిన నడిచేవాడికి తన వెనక వచ్చేవాళ్లు కనిపించరు, ఎత్తున నిలబడ్డవాడికి బాటసారులందరూ ఒకేసారి కనిపిస్తారు. గోల్కొండలో బాలాహిస్సార్ ఎక్కినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కింది నుంచి పైకి వచ్చే మెట్లదారి, దాని మీద మనుషులు, పడమట ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మేడలు అన్నీ ఒక్క చూపులో ఉంటాయి. పైనుంచి చూస్తున్నవాడు మెట్ల మీద ఎవరి కాలూ కదిలించడం లేదు.

రామానుజులు మరో వైపు నుంచి వచ్చారు. 2022 ఫిబ్రవరిలో ముచ్చింతల్‌లో 216 అడుగుల విగ్రహంగా వెలసిన ఆ ఆచార్యుడు, లోపల ఉండి నడిపించే భగవంతుడు జీవుడి మొదటి ప్రయత్నాన్ని చూసి ఆపైన అనుమతి ఇస్తాడని బ్రహ్మసూత్ర భాష్యంలో వివరించారు. మొదటి అడుగు జీవుడిది. హైదరాబాద్ ముస్లింల ఇళ్లలో తరచూ వినిపించే హదీసు ఇంకా సూటిగా ఉంటుంది. ఒంటెను కట్టేయాలా, వదిలేసి దైవం మీద భారం వేయాలా అని అడిగినవాడికి, కట్టేసి భారం వేయమని ప్రవక్త చెప్పారు. చిక్కు పూర్తిగా విడిపోయిందని ఎవరూ అనలేరు. మూడు మతాల పెద్దలూ ప్రయత్నాన్ని వదలవద్దన్నారన్నది మాత్రం నిజం.

ఈ నమ్మకానికి ఒక పెద్ద ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. ప్రతి వ్యతిరేకతా ఫరో వ్యతిరేకతే అనుకునేవాడు ఎప్పటికీ తన తప్పు చూసుకోడు. కోడ్‌లో లోపం ఉందని రివ్యూ చేసినవాడు చెబితే అది పరీక్ష అనుకోవడం, పెట్టుబడిదారులందరూ కాదన్న ఆలోచనను అందుకే దైవసంకల్పమనుకోవడం, ఇంట్లో అందరూ వద్దన్న మొండిపనికి పైవాడి పేరు పెట్టడం, ఇవన్నీ భక్తి ముసుగు వేసుకున్న అహంకారం. కృష్ణుడి రాయబారంలో దీనికి గీటురాయి దొరుకుతుంది. ఆయన పక్షం తన కోరికను తగ్గించుకుంటూ వచ్చింది. ఆయన అవతలివాడి సభకు వెళ్లాడు, అందరి మాటా విన్నాడు. అడిగినది ఎవరి కొంపా కూల్చేది కాదు. వినడానికి సిద్ధపడని మనిషికి ప్రతిఘటన గురించి మాట్లాడే అర్హత రాదు.

మరో ప్రమాదం ఇంతకంటే క్రూరమైనది. అంతా దేవుడికి తెలుసు, ఓర్చుకో అన్న మాటను బలవంతుడు బలహీనుడికి చెప్పడం. ఏళ్లుగా వేధిస్తున్న మేనేజరు గురించి ఏడ్చే అమ్మాయికి బంధువులో, పాస్టరో, స్వామీజీయో ఆ మాట చెప్పి పంపేస్తుంటారు. నిర్గమకాండంలో దేవుడు ఆ మాటను ఇటుకలు చేస్తున్నవాళ్లకు ఓర్చుకోమని చెప్పడానికి వాడలేదు. అది వాళ్ల విడుదల అడగడానికి వెళ్తున్నవాడికి చెప్పిన మాట. ఆ తేడా తెలియకుండా ఈ నమ్మకాన్ని బోధించడం పాపం.

కారిడార్‌లో ఈ నమ్మకం నిజంగా అవసరమయ్యే చోటు కూడా అదే. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. 2014 అక్టోబరులో మొదలైన పోలీసుల షీ టీమ్స్ కూడా ఉన్నాయి. ఇన్ని ఉన్నా ఫిర్యాదు చేయబోయే మనిషికి రాబోయేది తెలుసు. క్యాంటీన్‌లో గుసగుసలు, హఠాత్తుగా పడిపోయే రేటింగ్, ఇంత చిన్నదానికా అనే స్నేహితులు, పెళ్లి కావాల్సిన పిల్లవి అనే అమ్మ. ఈ ఎదురు దాడి ఉంటుందని చట్టం రాసినవాళ్లకు కూడా తెలుసు. అందుకే విచారణ జరిగేటప్పుడు ఆమె రాతపూర్వకంగా కోరితే ఆమెనో ఎదుటివాడినో వేరే చోటికి బదిలీ చేయమని, మూడు నెలల దాకా సెలవు ఇవ్వమని సిఫారసు చేసే వీలు కమిటీకి ఇచ్చారు. పేర్లు బయటపెట్టకూడదని రాశారు. ముందుచూపు ఉన్న చట్టమే ఒక మనిషికి ఇంత ధైర్యం ఇవ్వగలిగినప్పుడు, మూలుగు విన్నానని చెప్పే దేవుడి ముందుచూపు ఎంత ఇవ్వాలి! ఆ ధైర్యంతో వెళ్లే మనిషి ఉత్తచేతులతో వెళ్లదు. మెసేజ్‌లు భద్రపరుస్తుంది, తేదీలు రాసుకుంటుంది, సాక్షులను అడుగుతుంది. ఫిర్యాదు తోసిపుచ్చినా తాను అబద్ధమాడానేమోనని తనను తానే అనుమానించుకోదు. అప్పీలుకు వెళ్తుంది.

ఫలితం వస్తుందన్న హామీ ఇందులో లేదు. బోథియస్ కోసం ఏ రామోజీ రాలేదు, ఆయనకు మరణశిక్ష అమలైంది. మోషే జనాన్ని బయటికి తెచ్చాడు గానీ, తానే కనానులో అడుగు పెట్టలేదు, నెబో కొండ మీంచి చూశాడు. కృష్ణుడి రాయబారం తర్వాత పద్దెనిమిది రోజుల యుద్ధం జరిగింది. ఈ నిజాలను పక్కనపెట్టి విశ్వాసికి విజయాలను మాత్రమే అమ్మే ప్రసంగాలు, తిరస్కారం ఎదురైన రోజున ఆ విశ్వాసిని ఒంటరిగా వదిలేస్తాయి.

ఈ నమ్మకం ఉన్నవాళ్లు ఎదుటివాణ్ణి చూసే తీరులో ఒక తేడా ఉంటుంది. కాదనడం ముందే తెలిసినది కాబట్టి, కాదన్నవాడి మీద విషం పెంచుకోవలసిన అవసరం తగ్గుతుంది. కప్పల తెగులు పడి ఫరో వేడుకున్నప్పుడు, అవి ఎప్పుడు పోవాలో నువ్వే చెప్పమని మోషే అతనికే వదిలేశాడు. ఫరో రేపన్నాడు, మోషే అతని కోసం దేవుడికి మొరపెట్టాడు. సభలో అవమానం జరిగాక కూడా కృష్ణుడు హస్తినను విడిచేముందు కర్ణుణ్ణి రథం మీద ఎక్కించుకుని చివరి ప్రయత్నం చేశాడు. ఆ రెండు చోట్లా ఎదుటివాళ్లు మారలేదు. మూడో చోట మారారు. గోపన్నను ఖైదు చేసిన తానీషాయే ఆయన్ను విడిచిపెట్టి, భద్రాచలం సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం మొదలుపెట్టాడని సంప్రదాయం. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది, తానీషా దౌలతాబాద్ కోటలో తానే ఖైదీగా కన్నుమూశాడు. కుతుబ్‌షాహీల రాజ్యం పోయినా ఆ ఆచారం ఆగలేదు. ఏటా శ్రీరామనవమికి పట్టువస్త్రాలతో పాటు ముత్యాల తలంబ్రాలను ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వమే సమర్పిస్తోంది.